పంచేవారి శీలం

 

ఈసారి మనం ధ్యానం గురించీ, వందన విధానం గురించీ మాట్లాడుకోవడం లేదు. తుఫాను షెల్టర్లో అన్నం గరిటె పట్టుకున్న చేతికి ఎలాంటి శీలం ఉండాలి అన్నది మాట్లాడుకుందాం. ఇది కూడా ధమ్మంలోని విషయమేనా అని మీకు అనిపించొచ్చు. ధమ్మంలోని విషయమే. వినయపిటకంలో ఈ పనికి ఒక పదవే ఉంది.

ముందు ఈ పని ఎవరిదో చూద్దాం. మీలో కొందరు సచివాలయాల్లో ఉద్యోగులు, కొందరు వీఆర్వోలు, కొందరు టీచర్లు. తుఫాను వస్తుందంటే బడే పునరావాస కేంద్రం అవుతుంది, అక్కడున్న టీచరే దాన్ని చూసుకోవాల్సి వస్తుంది. ఆశా వర్కర్లున్నారు, అంగన్‌వాడీ అక్కలున్నారు. ఏ ఉద్యోగమూ లేని కుర్రాళ్లు అంబేడ్కర్ యువజన సంఘం పేరు మీద బియ్యం మూటలు మోస్తారు. సర్కారు భాషలో దీన్ని విపత్తు నిర్వహణ అంటారు. కలెక్టరు దగ్గర్నుంచి పడవ నడిపే కుర్రాడి దాకా, ఆపద రోజున ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరికి ఎంత అని తేల్చే ప్రతి మనిషీ విపత్తు నిర్వాహకుడే. ఆ ఒక్క రోజుకి అతని చేతిలో రాజ్యం ఉంటుంది.

ఆపదకి కులం లేదంటారు. నీళ్లకి లేకపోవచ్చు. కానీ మన వాడ ఎక్కడ ఉంటుంది? ఊరికి పల్లంలో, కాలవగట్టు మీద, చెరువు కింద. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్లమీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మంది దాకా పోయారు. మిద్దె ఉన్నవాడికి పైకెక్కే చోటుంది. తాటాకు గుడిసెలో ఉన్నవాడికి చెట్టు తప్ప ఎక్కడానికి ఏముంది? మన తీరం వెంబడి తుఫాను షెల్టర్ల కట్టుబడి ఊపందుకుంది ఆ తర్వాతే.

నీళ్లు తీశాక మొదలయ్యే రెండో ఆపద ఇంకోటుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం ప్రాంతంలో దళితులను శిబిరాల్లో వేరుగా పెట్టారనీ, నీళ్ల దగ్గరికి రానివ్వలేదనీ, సాయం జాబితాల్లోంచి వదిలేశారనీ హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. అదే నాగపట్నంలో శవాలు తియ్యడానికి మాత్రం వేరే పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను పిలిపించారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. సాయంలో చివరి వరస, శవాల దగ్గర మొదటి వరస. పనిని కులం చూసి పంచడం కూడా వివక్షేనని నిర్వాహకులు ఇప్పటికీ చాలామంది ఒప్పుకోరు.

ఆ మరుసటి ఏడే, 2005లో, విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. మనం గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు రెండు మూడున్నాయి. 61వ సెక్షన్: నష్టపరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు స్త్రీ పురుష భేదం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపకూడదు. 53: సహాయం కోసం వచ్చిన డబ్బు, సామాను సొంతానికి వాడుకుంటే రెండేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. 52: రాని నష్టం వచ్చిందని అబద్ధం చెప్పి సాయం పొందినా రెండేళ్ల దాకా శిక్ష, ఇది పుచ్చుకునేవాళ్లకి. 56: బాధ్యత అప్పగించిన అధికారి అనుమతి లేకుండా పని వదిలేస్తే, చెయ్యనని మొండికేస్తే ఏడాది దాకా శిక్ష. ఈ నంబర్లు నోటికి వచ్చి ఉంటే మంచిది. సెక్షన్ నంబరు చెప్పి అడిగినవాడితో ఆఫీసులో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, నేను చూశాను.

అయితే చట్టం తప్పు జరిగాక వస్తుంది. పంచేవాడి చెయ్యి ఒకవైపుకి ఒరిగే ఆ క్షణంలో వాడి మనసులో ఏం జరుగుతుందో బుద్ధుడు విడమరిచి చెప్పాడు. అదీ ఒక కరువు కాలంలోనే.

రాజగృహంలో భిక్ష దొరకని రోజులవి. సంఘం మొత్తానికి భోజనం పెట్టే స్తోమత జనానికి లేదు. కొద్దిమందికైతే పెట్టగలమన్నారు. సరే, ఆ కొద్దిమంది ఎవరు? ఛబ్బగ్గియులని ఆరుగురు భిక్షువుల ముఠా ఒకటుండేది, వినయపిటకం నిండా వాళ్ల ఆగడాలే. మంచి భోజనాలు పెట్టే ఇళ్లు తాము ఉంచుకుని, నాసిరకం ఇళ్లు మిగతావాళ్లకి తోశారు. ఆ సంగతి బుద్ధుడి దాకా వెళ్లింది. ఆయన నీతులు చెప్పి వదిలెయ్యలేదు, ఒక పదవి పెట్టాడు. భత్తుద్దేసకుడు, అంటే భోజనం ఎవరికి ఎక్కడో నిర్ణయించేవాడు. వాణ్ణి సంఘమే ఎన్నుకోవాలి. నిండు సభలో ప్రతిపాదన చెప్పాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు పైకి చెప్పాలి, ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. పేర్లు పుల్లలకో పట్టీలకో కట్టి, అన్నీ ఒకచోట కలిపేసి, అప్పుడు కేటాయించాలి. రెండున్నర వేల ఏళ్లనాటి టోకెన్ పద్ధతి అనుకోండి!

ఆ పదవికి అయిదు అర్హతలు చెప్పాడు. నాలుగు అగతుల్లో పడకూడదు. అయిదోది, ఎవరికి ఇచ్చిందీ ఎవరికి ఇవ్వనిదీ తెలిసి ఉండాలి. పాళీలో అగతి అంటే నడవకూడని దారి. ఛందం, దోసం, మోహం, భయం. ఇష్టంతో ఒరగడం, ద్వేషంతో ఒరగడం, తెలివితక్కువతో ఒరగడం, భయంతో ఒరగడం. సామాను కొట్టు చూసేవాడికీ, చీవరాలు పంచేవాడికీ ఇవే నాలుగు. సిగాలోవాద సుత్తంలో గృహస్థులకి చెప్పినవీ ఇవే. అంటే ఇవి భిక్షువులకి మాత్రమే కాదు, మీకూ నాకూ చెప్పినవే.

ఛందం మనందరికీ తెలుసు. మన బావమరిది ఇల్లు, మన పార్టీవాడి ఇల్లు, మనకి ఓటేసినవాడి ఇల్లు. దీని గురించి పెద్దగా చెప్పను, ఒక్కటి తప్ప. త్రిశరణాలు తీసుకున్నాక కూడా మాలపల్లె మూటలు వేరే, మాదిగపల్లె మూటలు వేరే అయ్యాయంటే ఆ దీక్ష నోటి దగ్గరే ఆగిపోయినట్టు. బాబాసాహెబ్ మన చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్నది ఉంది. అందులో ఉపకులాలకి మినహాయింపు లేదు. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు, అయినా కరపత్రంలో పెట్టమన్నాను.

మోహం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అందులో ఎవరూ దుర్మార్గులు కారు. జాబితా రేషన్ కార్డుల్ని చూసి రాస్తారు. కాలవగట్టు మీద యానాది కుటుంబానికి కార్డు లేదు, కాబట్టి ఆ కుటుంబమే లేదు. పంట నష్టం పట్టాదారు పాసుపుస్తకం చూసి రాస్తారు. పంట పెట్టిందేమో కౌలు రైతు. కౌలుదారులకి కార్డులివ్వాలని ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే చట్టం వచ్చినా, భూమి యజమాని సంతకం కావాలి కనుక చాలామందికి ఆ కార్డే లేదు. ఇంక కూలీ మాట చెప్పేదేముంది? పొలం మునిగితే రైతుకి ఎకరం లెక్కన ఏదో రాస్తారు. అదే పొలంలో కోత కూలి పోయిన ఆడమనిషికి ఏ గడిలో రాస్తారు? ఆ గడే ఉండదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఏం జరిగింది? పడవ వెళ్లగలిగిన వీధిదాకా పొట్లాలు వెళ్లాయి. లోపలి సందుల్లో మేడల మీద నిలబడ్డవాళ్లు తమకి ఏమీ అందలేదని చేతులూపడం టీవీలో అందరం చూశాం. పంచినవాళ్లు కష్టపడలేదని అనను, రాత్రింబవళ్లు పడ్డారు. కానీ ఎన్ని పొట్లాలు ఇచ్చామన్న లెక్క ఉన్నంత గట్టిగా ఎవరికి ఇవ్వలేదన్న లెక్క ఉండదు. బుద్ధుడు అయిదో అర్హతలో రెండూ కలిపి చెప్పింది ఇందుకే కాబోలు. ఇవ్వనివాళ్ల జాబితా రాయడం అలవాటు చేసుకోండి. అది చేతిలో ఉంటే రెండో పడవ ఎటు వెళ్లాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

భయం సంగతికి వద్దాం. ఒక తుఫాను తర్వాత మేం వెళ్లిన ఊళ్లో నీళ్ల ట్యాంకరు ప్రతిరోజూ రామాలయం ముందే ఆగేది. వాడదాకా రోడ్డు బాగానే ఉంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అక్కడిదాకా వెళ్లి, ఊళ్లోవాళ్లు పట్టుకునేదాకా పక్కన నిలబడి, మిగిలితే తెచ్చుకునేవాళ్లు. ట్యాంకరు వాడలోకి ఎందుకు రాదని అక్కడి అధికారిని అడిగాం. ఆయన చెడ్డవాడేమీ కాదు. పెద్దలు అక్కడే ఆపమన్నారండీ అని మా ముందే తల దించుకున్నాడు. మహాడ్‌లో బాబాసాహెబ్ 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగింది దప్పికతో కాదని మనం ప్రతి ఏడూ చెప్పుకుంటాం. ఆ అధికారికి ఆ సంగతి ఎవరు చెబుతారు? పంపిణీ ఏ చోట పెట్టామన్నదాంట్లోనే సగం న్యాయమో సగం అన్యాయమో జరిగిపోతుంది. గుడి అరుగు, పెద్దమనిషి వాకిలి, పార్టీ ఆఫీసు... ఈ మూడూ పంపిణీకి పనికిరావు. బడి, పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ కేంద్రం పనికొస్తాయి, అక్కడికి అందరూ తలెత్తుకుని రాగలిగితేనే.

ఇక దోసం, అంటే ద్వేషం. ఇది నేరుగా మనకి సంబంధించింది. కిందటేడు ఒక సమావేశంలో ఒక కుర్రాడు లేచి అడిగాడు: "గుళ్లోకి రానివ్వనోళ్ల ఇంటికి బియ్యం మూట నేనెందుకు మొయ్యాలన్నా?" సభలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వెనక ఉన్న బాధ నాకు తెలియంది కాదు. వాళ్లని క్షమించమని నేను ఆ తమ్ముడికి చెప్పలేదు. క్షమించడం, మానడం అతని ఇష్టం, దానికి తొందరేమీ లేదు. మూట మాత్రం మొయ్యమన్నాను. ఎందుకంటే ఆ రోజు అతను తన పేరు మీద నిలబడలేదు. సంఘం ఎన్నుకున్న మనిషిగా నిలబడ్డాడు. ఆ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉంటే జాబితాలో ఆమె పేరు మన పేట పిల్లాడికంటే ముందు రావచ్చు కూడా. మనం 61వ సెక్షన్ చేతిలో పట్టుకుని కలెక్టరాఫీసు ముందు ధర్నా చేసేది ఏ న్యాయం కోసమో, మన చేతికి గరిటె వచ్చిన రోజున అదే న్యాయం కదా మనం చెయ్యాల్సింది. ఆ కుర్రాడు నా మాటకి ఒప్పుకోలేదు. కానీ మొన్నటి వానల్లో మూటలు మోశాడని విన్నాను, తిట్టుకుంటూనే.

ఇప్పుడు దబ్బ మల్లపుత్తుడి కథ వినండి. వేణువనంలో ఉండేవాడు. భిక్షువులకి బస, భోజనం కేటాయించే పని తానే అడిగి తీసుకున్నాడు. సంఘం సభలో ఒప్పుకుంది. సుత్తాలు వల్లించేవాళ్లకి ఒకచోట, వినయం చర్చించేవాళ్లకి ఒకచోట, ధ్యానం చేసుకునేవాళ్లకి మరోచోట, ఒకరికొకరు అడ్డం కాకుండా బసలు ఇచ్చేవాడు. రాత్రి పొద్దుపోయి వచ్చినవాళ్లకి తన వేలి చివర మంట వెలిగించి దారి చూపేవాడని రాశారు. వేలి మంట మనం నమ్మక్కర్లేదు. వేళ మీరి వచ్చినవాణ్ణి రేపు రమ్మనలేదన్నది మాత్రం నమ్మండి.

మెత్తియ, భుమ్మజకులనే కొత్త భిక్షువుల బృందం ఒకటుండేది. రుచిగా భోజనం పెట్టే ఒక గృహస్థు ఇంటికి వెళ్లే వంతు మర్నాడు వాళ్లకి పడింది. ఆ సంతోషంలో వాళ్లకి రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదట. కానీ రేపు వచ్చేది వీళ్లని దబ్బుడి నోట విన్న గృహస్థుకి నచ్చలేదు. వీళ్లకా నా భోజనం అనుకుని, గుమ్మం దగ్గర ఆసనాలు వేసి నూకల అన్నం, పులిసిన గంజి పెట్టమని దాసికి చెప్పాడు. అలాగే జరిగింది. వాళ్లు ఇదంతా దబ్బుడి కుట్రేనని నమ్మారు. ఒక భిక్షుణి చేత ఆయన మీద మానభంగం నింద వేయించారు.

ఈ కథలో నాకు రెండు సంగతులు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి, దబ్బుడి జాబితా సరైందే, వంతు ప్రకారమే వేశాడు. తేడా వడ్డన దగ్గర వచ్చింది. గుమ్మం దగ్గర ఆసనం, నూకల అన్నం మన తాతలకి కొత్తవి కాదు కనుక ఈ భాగం చదివినప్పుడు నాకు ఆ భిక్షువుల మీద కోపంతోపాటు జాలీ కలుగుతుంది. మన విపత్తు జాబితాలూ అంతే. కాగితం మీద వాడ పేరు ఉంటుంది, మూట మాత్రం తడిసిన బియ్యంతో వస్తుంది, ఆఖరి రోజున వస్తుంది, విసిరేసినట్టు వస్తుంది. పినయంలో లేదు గానీ నా ఉద్దేశం చెబుతున్నాను: జాబితా రాసినవాడి పని సంతకంతో అయిపోదు. వడ్డన చూసి రావాలి.

రెండోది, నింద పడ్డాక జరిగింది. బుద్ధుడు సంఘం మధ్యలో దబ్బుణ్ణి పిలిచి, నువ్వీ పని చేసినట్టు గుర్తుందా అని అడిగాడు. నేనెలాంటివాణ్ణో మీకు తెలుసు కదా అన్నాడు దబ్బుడు. మళ్లీ అడిగినా అదే జవాబు, మూడోసారి అడిగినా అదే. అప్పుడు బుద్ధుడు, ఇది జవాబు కాదు, చేస్తే చేశానను, చెయ్యకపోతే చెయ్యలేదను అన్నాడు. చెయ్యలేదని దబ్బుడు సూటిగా చెప్పాడు. విచారణలో నిర్దోషి అని తేలింది, నింద వేయించినవాళ్లే తాము చేసింది ఒప్పుకున్నారు.

ఆలోచించండి, ఆయన నిజాయితీపరుడని బుద్ధుడికి తెలియదా? తెలుసు. అయినా నా సంగతి తెలుసు కదా అన్న మాటని ఒప్పుకోలేదు. మనలో ఎంతమంది నాయకులు, ఉద్యోగులు లెక్క అడిగితే నన్నే అనుమానిస్తున్నారా అని మొహం ముడుచుకుంటారు! ఇరవై ఏళ్లుగా ఉద్యమంలో ఉన్నానంటారు. ఉండొచ్చు. వచ్చిన మూటలెన్ని, ఇచ్చినవెన్ని, మిగిలినవి ఎక్కడ అంటే మాత్రం రిజిస్టరు తెరవాలి. పంచేవాడి మీద నింద ఎలాగూ పడుతుంది. రిజిస్టరు ఉన్నవాడు ఆ రాత్రి నిద్రపోతాడు.

ఇంకొక్క విషయం. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, కొన్ని అంతర్జాతీయ సహాయ సంస్థలు కలిసి విపత్తు సహాయానికి పది అంశాల ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. సాయం అవసరాన్ని బట్టే ఇవ్వాలనీ, దాన్ని రాజకీయ, మత ప్రచారానికి వాడుకోకూడదనీ, బాధితుల్ని ఫొటోల్లో దిక్కులేనివాళ్లలా కాక గౌరవమున్న మనుషులుగా చూపాలనీ అందులో ఉంది. ఇది మన విహారాలకీ వర్తిస్తుంది. కొన్నిచోట్ల ముందు త్రిశరణాలు చెప్పించి తర్వాత పొట్లం ఇస్తున్నారని విన్నాను. బ్యానరు కట్టి, పొట్లం అందుకుంటున్న తల్లి మొహం కనపడేలా ఫొటో తీసి గ్రూపుల్లో పెడుతున్నారు. ఇవి మానెయ్యాలి.

ఆళవిలో బుద్ధుడు ఏం చేశాడో ధమ్మపద అట్ఠకథలో ఉంది. తప్పిపోయిన ఎద్దుని వెతికి వెతికి, ఒక పేద రైతు ఆకలితో సభకి ఆలస్యంగా వచ్చాడు. బుద్ధుడు అతని కోసం ఆగాడు. ముందు మిగిలిన అన్నం తెప్పించి అతనికి పెట్టించాడు, తిన్నాకే ధమ్మం చెప్పాడు. దీనికి భిక్షువులే ముక్కున వేలేసుకున్నారట. ఆకలితో ఉన్నవాడు వినలేడని ఆయన వాళ్లకి చెప్పాడు. అన్నం తిన్న ఆ రైతు లేచి వెళ్లిపోయి ఉంటే? వెళ్లనివ్వాలి. అన్నానికీ ధమ్మానికీ మధ్య షరతు లేదు.

ఇక చెయ్యాల్సిన పనికి వద్దాం. మన తీరానికి తుఫాను కాలం అంటే అక్టోబరు, నవంబరే. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖని తాకింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న శ్రీకాకుళం జిల్లాని. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది అక్టోబర్ 14న. ఆ రోజు ఎలాగూ అందరం విహారంలో కలుస్తాం. వందన అయ్యాక, భోజనాలకి ముందు, సభలోనే ఇద్దరిని ఎన్నుకోండి, ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. పేరు మూడుసార్లు చదవండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే లేచి చెప్పండి, తర్వాత టీకొట్టు దగ్గర కాదు. ఎన్నికైనవాళ్లకి రెండు వందల పేజీల నోటుబుక్ ఒకటి ఇవ్వండి. ఒకవైపు పేజీలో ఇచ్చినవాళ్లు, ఎదుటి పేజీలో ఇంకా అందనివాళ్లు. ఎదుటి పేజీలో మొట్టమొదట ఆ కాలవగట్టు మీది ఇళ్లు రాయించండి, కార్డు ఉన్నా లేకపోయినా.